ట్యాంకు ఫిరంగి కాల్చడం ఎలా నేర్పుతారు, దాన్ని ఎవరు చూసుకుంటారు?

బాబూ, మీరు అడిగింది ఇదీ. మీ తమ్ముడికి అగ్నివీర్‌లో ఆర్మర్డ్ కోర్ (ట్యాంకుల దళం) వచ్చింది, ట్రైనింగ్‌కి అహ్మద్‌నగర్ రమ్మన్నారు. ట్యాంకు మీదుండే ఫిరంగి, మెషిన్‌గన్లు వాడడం ఎలా నేర్పుతారు, పాడైతే బాగుచేసేది కూడా వాళ్లేనా, పని ప్రమాదమా, నాలుగేళ్ల తర్వాత బయటికొస్తే దేనికైనా పనికొస్తుందా. మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారని కూడా రాశారు. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో ఓడలోంచి దిగిన బండ్లు అవేనా అన్నది ఆఖరి ప్రశ్న.

నేను టీ-72 ట్యాంకుల రెజిమెంటులో గన్నరీ ఉస్తాద్‌గా, అంటే ఫిరంగి కాల్చడం నేర్పేవాడిగా చేసి రిటైరై, ఇప్పుడు విశాఖ గోపాలపట్నంలో ఉంటున్నాను. తెలిసినంతవరకు చెబుతాను. ముందే ఒక మాట: వాడడం ఒకరి పని, బాగోగులు చూడడం ఇంకొకరి పని అన్న ఆలోచన ట్యాంకు దగ్గర పనికిరాదు. కాల్చేవాడే తుడవాలి, తుడిచేవాడే కాల్చాలి. ట్రైనింగ్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. ఫిరంగి పేల్చే నిమిషాలు కొన్నే. మిగతా కాలమంతా గ్రీజు, గుడ్డ, కడ్డీ, లాగ్‌బుక్.

అహ్మద్‌నగర్ పేరు ఇప్పుడు అహిల్యానగర్ అయింది. మేమంతా ఇంకా ‘నగర్’ అనే అంటాం. 1948 నుంచి ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ అక్కడే ఉంది. అందరు జవాన్లలాగే ముందు డ్రిల్లు, పరుగు, రైఫిల్. ఆ తర్వాత ట్రేడ్: డ్రైవర్, గన్నర్, రేడియో ఆపరేటర్. మీ తమ్ముడికి గన్నర్ ట్రేడ్ రావాలని లేదు. ఏది వచ్చినా, రెజిమెంటుకి వెళ్లాక పక్కవాడి పని కూడా నేర్పుతారు. టీ-72లో ఉండేది ముగ్గురే. ముందు మధ్యలో డ్రైవర్, టరట్‌లో, అంటే పైన తిరిగే గుమ్మటంలో, ఎడమవైపు గన్నర్, కుడివైపు కమాండర్. ముగ్గురిలో ఒకడు జ్వరంతో పడుకున్నా బండి ఆగకూడదు.

మనవాళ్లకి మొదట్లో వచ్చే ఇబ్బంది ఫిరంగితో కాదు, హిందీతో. శ్రీకాకుళం, విజయనగరం, మన జిల్లా కుర్రాళ్లు ఒంటికి గట్టివాళ్లు, పనికి వెనకాడరు. కానీ ఉస్తాద్ పాఠం హిందీలో చెబుతూ పోతుంటే సగం అర్థంకాక, తలూపుతూ కూర్చుంటారు. తలూపేవాడికి అర్థమైందనుకుని ఉస్తాద్ ముందుకు పోతాడు. అర్థం కాలేదని చేయెత్తితే తిట్టరు, మళ్లీ చెబుతారు. వెళ్లేలోపు ఈ కొన్ని వారాలూ హిందీ వార్తలు వింటూ, నాలుగు ముక్కలు మాట్లాడడం మొదలుపెట్టమనండి.

ఆయుధాల పాఠం పెద్ద గన్‌తో మొదలవదు. ముందు ఫిరంగి పక్కనే బిగించి ఉండే మెషిన్‌గన్, 7.62 మిల్లీమీటర్ల పీకేటీ. దీంతో మొదట నేర్పేదాన్ని ‘ఖోల్నా-జోడ్నా’ అంటారు, అంటే విప్పడం, బిగించడం. టేబుల్ మీద గుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ ఎడమ నుంచి కుడికి వరుసగా పెట్టాలి. బిగించేటప్పుడు అదే వరుస వెనక్కి. చేయి తిరిగాక కళ్లకు గంతలు కట్టి చేయిస్తారు. చూసేవాళ్లకి అది ప్రదర్శనలా ఉంటుంది గానీ, రాత్రిపూట టరట్ లోపల లైటు వేయకూడని పరిస్థితిలో బెల్టు ఇరుక్కుంటే వేళ్లకి తెలియాల్సిన విద్య అది.

ఉస్తాద్ మొదట చూసేది గ్యాస్ పిస్టన్. తూటా పేలినప్పుడు గ్యాసులో కొంత వెనక్కి వచ్చి ఆ పిస్టన్‌ని తోస్తుంది. దాని బలంతోనే తర్వాతి తూటా ఎక్కుతుంది. కాల్చిన ప్రతిసారీ అక్కడ నల్లటి మసి గట్టిగా పేరుకుంటుంది. పైపైన తుడిస్తే మెరుస్తుంది, గాడిలో మాత్రం అలాగే ఉంటుంది. ఉస్తాద్ తెల్ల గుడ్డ ముక్కని, మేం చిందీ అంటాం, సన్నటి పుల్లకి చుట్టి ఆ గాడిలో తిప్పి బయటికి తీస్తాడు. నల్లగా వస్తే మళ్లీ మొదటి నుంచి. అప్పటికి భోజనం వేళ దాటిపోతుంది. కుర్రాళ్లు లోపల తిట్టుకుంటారు. నేనూ ఉస్తాద్ అయ్యాక అదే చేయించాను, అందులో తగ్గించాల్సింది నాకేమీ కనిపించలేదు.

తుడిచాక నూనె రాయడం, కాల్చే ముందు ఆ నూనె తీసేయడం, రెండూ సమానంగా ముఖ్యం. గొట్టంలో నూనె మిగిలితే మొదటి తూటాలు గురి తప్పుతాయి. ఎంత నూనె రాయాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. రాజస్థాన్‌లో మహాజన్ ఫైరింగ్ రేంజిలో ఎక్కువ రాస్తే ఇసుక అంటుకుని గరుకు కాగితంలా లోపల అరిగిస్తుంది. అక్కడ రాశామా లేదా అన్నంత పల్చగా రాయాలి. మన సముద్రపు గాలిలో అదే పల్చటి పూత పెడితే రెండు రోజుల్లో తుప్పు మచ్చలు తేలతాయి. గన్ ఒకటే, పుస్తకం ఒకటే, చేతికి మాత్రం తేడా తెలియాలి.

ఇక పెద్ద గన్. టీ-72, టీ-90 రెండిటిలోనూ 125 మిల్లీమీటర్ల ఫిరంగి. లోపల గాడులుండవు, నున్నగా ఉంటుంది. గొట్టం పొడవు సుమారు 6 మీటర్లు. దీని దగ్గర కుర్రాళ్లకి నేర్పే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది బోర్‌సైటింగ్. గన్నర్ చూసేది సైటులోంచి, గుండు పోయేది గొట్టంలోంచి. ఈ రెండూ ఒకే చోటికి చూస్తున్నాయా లేదా అని సరిచూసుకోవడమే బోర్‌సైటింగ్. ఇప్పుడు దీనికి ప్రత్యేకమైన పరికరాలున్నాయి. పాత పద్ధతిలో మాత్రం గొట్టం మూతి మీద నాలుగు గుర్తులుంటాయి. మూతికి గ్రీజు రాసి, రెండు నల్ల దారాలు ఆ గుర్తుల మీదుగా అడ్డంగా, నిలువుగా అంటించాలి. వెనక బ్రీచ్‌లో, అంటే గుండు ఎక్కించే చోట, ఫైరింగ్ పిన్ తీసేసిన రంధ్రంలోంచి ఒకడు ఒంటికన్నుతో చూస్తాడు. అంత పొడవు గొట్టం అవతల గుండ్రటి వెలుగు, అందులో దారాల క్రాస్, దాని వెనక ఎక్కడో దూరంగా టార్గెట్ బోర్డు. ‘కొంచెం పైకి, ఇంకొంచెం, ఆగు’ అని వాడు చెబుతుంటే ఇంకొకడు చక్రం తిప్పుతాడు. క్రాస్ బోర్డు మీద కూర్చున్నాక గొట్టం కదలకుండా, సైటులోని గుర్తుని తెచ్చి అదే చోట పెట్టాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే లెక్క చూడండి. గురి కోణాన్ని మిల్‌లలో కొలుస్తాం. ఒక మిల్ తేడా అంటే కిలోమీటరుకి మీటరు. 2 కిలోమీటర్ల దూరంలో 2 మీటర్లు. ట్యాంకు వెడల్పే సుమారు మూడున్నర మీటర్లు. సరిగ్గా మధ్యలో గురిపెట్టినా గుండు పక్కనుంచి పోతుంది. కాల్చామన్న సంతోషం మనకి, మనమెక్కడున్నామో తెలిసిన సంతోషం అవతలివాడికి. గొట్టం కూడా ఉక్కే కదా అని ఊరుకుంటే కుదరదు. ఒకవైపు ఎండ పడితే ఆ వైపు వేడెక్కి కాస్త వంగుతుంది. అందుకే దాని చుట్టూ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు బిగింపు వదులైందేమో చూడడం కూడా క్రూ పనే. పొద్దున్న సరిచూసింది మధ్యాహ్నానికి సరిపోతుందని నమ్మకూడదని పిల్లలకి చెప్పేవాణ్ణి. చెబితే నమ్మరు. మధ్యాహ్నం ఇంకోసారి చూపిస్తే నమ్ముతారు.

గుండు ఎక్కించడానికి టీ-72లో మనిషి లేడు. టరట్ కింద గుండ్రంగా తిరిగే పళ్లెంలో 22 గుండ్లు, వాటి మందు గొట్టాలతో సహా ఉంటాయి. గన్నర్ ఏ రకం కావాలో ఎంచుకుంటే పళ్లెం తిరిగి, యంత్రం పైకెత్తి, ముందు గుండుని, తర్వాత మందుని లోపలికి తోస్తుంది. మందు గొట్టం పేలినప్పుడే కాలిపోతుంది. అడుగున ఉక్కు బిళ్ల ఒకటి మిగిలితే టరట్ వెనక కిటికీ తెరిచి బయటికి విసిరేస్తుంది. మన అర్జున్ ట్యాంకులో అలా కాదు, 120 మిల్లీమీటర్ల గన్‌కి నాలుగో మనిషి లోడర్ చేత్తో ఎక్కిస్తాడు. ఏది మేలన్న వాదన ఫౌజులో ఎప్పటికీ తెగదు. నా మట్టుకు నేను నాలుగో మనిషి వైపే. కాల్చే వేగం కోసం కాదు. చెయిన్ ఊడినప్పుడు, రాత్రి కాపలా వేసినప్పుడు, గొట్టం తోమేటప్పుడు ఇంకో జత చేతుల విలువ తెలుస్తుంది.

యంత్రం మొరాయిస్తే టీ-72లోనూ చేత్తోనే ఎక్కించాలి. హెచ్‌ఈ (పేలుడు) గుండు ఒక్కటే సుమారు 23 కిలోలు. ఆ ఇరుకులో, ఆ భంగిమలో దాన్ని ఎత్తి తోయడం ట్రైనింగ్‌లో పదేపదే చేయిస్తారు. జిమ్ముకి వెళ్లే కుర్రాళ్లు కూడా మొదటిరోజు తేలిపోతారు, ఎందుకంటే అక్కడ నడుం నిటారుగా పెట్టే చోటే లేదు.

తర్వాత ముగ్గురినీ కలిపి నడిపించడం. కమాండర్ టార్గెట్ చూస్తాడు, ఏ గుండో, ఏ దిక్కో ఇంటర్‌కమ్‌లో చెబుతాడు. గన్నర్ దొరికిందని చెప్పి, లేజర్‌తో దూరం కొలిచి, సిద్ధమంటాడు. ఫైర్ అన్నాకే ట్రిగ్గర్. మాట మారకూడదు, వరుస మారకూడదు, మధ్యలో సొంత కవిత్వం పనికిరాదు. ఇంజిన్ హోరులో సగం మాట వినపడకపోయినా, వరుస తెలిసినవాడికి మిగతా సగం అర్థమైపోతుంది. ముందు ఉత్తి డ్రిల్లు, తర్వాత సిమ్యులేటర్, ఆ తర్వాత పెద్ద గొట్టంలో చిన్న గొట్టం అమర్చి తక్కువ ఖర్చు తూటాలతో కాల్చడం, ఆఖరున అసలు గుండు. అసలు గుండు ఖరీదైంది కాబట్టి కుర్రాడికి దొరికేవి తక్కువే. సిమ్యులేటర్లు ఇప్పుడు బాగున్నాయి. హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ వాళ్లు కూడా ట్యాంకు సిమ్యులేటర్లు తయారుచేస్తున్నారు. గురి, మాట వరుస, వేగం అందులో బాగా వస్తాయి. మందు వాసన, గన్ వెనక్కి తన్నినప్పుడు బండంతా ఊగడం, వేడి బ్రీచ్ పక్కన చెమట, ఇవి రావు. మొదటిసారి అసలు గుండు పేలినప్పుడు తర్వాతి మాట మరిచిపోని గన్నర్‌ని నేను పెద్దగా చూడలేదు.

ట్రైనింగ్ విలువ ఎంతో 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర తెలిసింది. పాకిస్తాన్ వాళ్ల దగ్గర అమెరికా ప్యాటన్ ట్యాంకులు, అప్పటికి చాలా అధునాతనమైన గురి యంత్రాలు. మన దగ్గర పాత సెంచూరియన్లు, షెర్మన్లు. వాళ్లు ఓడడానికి నీళ్లు నిలిచిన చెరకు పొలాలూ, మన వ్యూహమూ కారణమే. ఆ క్లిష్టమైన యంత్రాల మీద వాళ్ల క్రూలకి చేయి తిరగకపోవడం కూడా ఒక కారణమని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు కసమ్ పరేడ్‌కి, అంటే జవాన్లు ప్రమాణం చేసే పరేడ్‌కి, నగర్ వెళితే అక్కడ కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది, ఆ రోజుల నాటి ట్యాంకులు దగ్గరగా చూడొచ్చు. 1971 డిసెంబర్ 16న బసంతర్ దగ్గర పూనా హార్స్ రెజిమెంటు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకుకి మంట అంటుకున్నప్పుడు దిగిపొమ్మన్నారు. తన గన్ ఇంకా పనిచేస్తోంది, దిగనని ఆయన రేడియోలో చెప్పారు. 21 ఏళ్లకి పరమవీర చక్ర వచ్చింది, మరణానంతరం. దాన్ని అందరూ ధైర్యం కథగా చెబుతారు, అది నిజమే. గన్నరీవాణ్ణి కాబట్టి నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. అంత దెబ్బ తిన్నాక కూడా గన్ పనిచేసిందంటే, ఆ క్రూ దాన్ని ఎలా పెట్టుకున్నారో!

బాగుచేసే సంగతికి వస్తాను. క్రూ చేసేది ఒక హద్దు వరకు. తుడవడం, నూనె, గన్ వెనక్కి తన్నే దెబ్బని ఆపే రికాయిల్ సిస్టమ్‌లో ద్రవం మట్టం చూడడం, కారుతుందేమో చూడడం, బ్రీచ్ విప్పి శుభ్రం చేసి బిగించడం, మెషిన్‌గన్ బ్యారెల్ మార్చడం, ఫైరింగ్ సర్క్యూట్ పరీక్షించడం, ఇవి క్రూవి. ఆ పైన ఈఎంఈ వాళ్లు, అంటే ఫౌజు మెకానిక్ విభాగం. ప్రతి రెజిమెంటుకీ వాళ్ల డిటాచ్‌మెంట్ ఒకటి ఉంటుంది. వాళ్లకి చదువు చెప్పే పెద్ద కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. హద్దు దాటి క్రూ చేయి పెట్టకూడదు. అలాగని హద్దులో ఉన్నది వాళ్ల మీదకి తోయకూడదు. గన్‌లో లోపం ఎక్కడుందో సరిగ్గా చెప్పగలిగిన గన్నర్‌ని ఈఎంఈ మెకానిక్ టీ ఇచ్చి కూర్చోబెడతాడు. ‘పనిచేయట్లేదు సాబ్’ అని ఊరికే వచ్చేవాణ్ణి వెనక్కి పంపుతాడు.

కాల్చిన రోజు సాయంత్రం గొట్టం తోమడం ఒక పండగ. పొడుగాటి కడ్డీ ముక్కలు ఒకదానికొకటి బిగించి, చివర బ్రష్షుకి గుడ్డ చుట్టి, ముగ్గురూ కలిసి ‘జోర్ లగాకే’ అంటూ తోస్తారు. ముందు మసి వదలగొట్టడం, తర్వాత పొడి గుడ్డ, తర్వాత నూనె. ఒక్కరోజుతో సరిపోదు. మర్నాడు చూస్తే లోహం లోపల్నుంచి మళ్లీ మసి తేలుతుంది, కాబట్టి వరుసగా కొన్ని రోజులు అదే పని. ఎన్ని గుండ్లు, ఏ రకం కాల్చారో గన్ లాగ్‌బుక్‌లో రాయాలి. గొట్టం ఎంత అరిగిందన్నది ఆ లెక్క మీదే తేలుతుంది. ఆ పుస్తకంలో అబద్ధం రాస్తే రేపు దాని వెనక కూర్చునేవాడి ప్రాణం మీదకి వస్తుంది.

ఒకసారి రేంజిలో రాత్రి వాన పడింది. ఒక ట్యాంకు క్రూ మూతికి తొడుగు కట్టకుండా పడుకున్నారు. పొద్దున్న గొట్టం కిందికి దించితే నీళ్లు కారాయి. ఆ రోజు ఆ బండిని లైన్లోంచి తీసేశారు. మిగతావాళ్లు కాలుస్తుంటే వాళ్లు ముగ్గురూ గొట్టం తుడుస్తూ కూర్చున్నారు. గొట్టంలో ఏదున్నా, నీళ్లైనా మట్టైనా మరిచిపోయిన గుడ్డైనా, గుండుకి అడ్డమే. ప్రమాదాలు అక్కడ పుడతాయి.

అమ్మగారి భయానికి ఇదే జవాబు. ప్రమాదం లేదని చెబితే అది అబద్ధం. 2022 అక్టోబర్‌లో ఝాన్సీ దగ్గర బబీనా రేంజిలో ఫైరింగ్ చేస్తుండగా టీ-90 బ్యారెల్ పేలి కమాండర్, గన్నర్ చనిపోయారు. అలాంటివి అరుదు, కానీ జరుగుతాయి. అందుకే కొన్ని నియమాలు బుర్రలోకి ఎక్కేదాకా కొట్టినట్టు చెబుతారు. గన్ వెనక్కి తన్నే దారిలో చేయి గానీ, తల గానీ ఉండకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గబుక్కున బ్రీచ్ తెరవకూడదు, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మిస్‌ఫైర్ అని అరిచి, చెప్పినంతసేపు ఆగి, చెప్పిన వరుసలోనే చేయాలి. కాల్పులు ముగిశాక గన్ ఖాళీ అని నోటితో చెబితే ఒప్పుకోరు, కంటితో చూపించాలి. ఈ నియమాలని విసుగనుకునే కుర్రాడు నాకు భయం, భయపడే కుర్రాడు కాదు.

బీచ్‌లో మీరు చూసినవి ట్యాంకులు కావు. మీరు చెప్పిన పోలికలను బట్టి అవి బీఎంపీ-2లు, మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ బండ్లు. మన దేశంలో వాటిని సారథ్ అంటారు, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఫ్యాక్టరీలో తయారవుతాయి. 30 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ గన్, పక్కన అదే పీకేటీ, పైన ట్యాంకుల్ని కొట్టే మిసైలు. ఆ 30 గన్‌కి రెండు వైపుల నుంచి రెండు రకాల తూటాలు వస్తాయి, మొత్తం 500. ముగ్గురు క్రూ, వెనక ఏడుగురు జవాన్లు. నీళ్లలో ఈదుతుంది కూడా. అందుకే ఐఎన్‌ఎస్ జలాశ్వ లాంటి ఓడల్లోంచి ఒడ్డుకి దింపుతారు. మీకు అది పది నిమిషాల ప్రదర్శన, వాళ్లకి ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ఉప్పునీళ్లు తగిలిన ప్రతి ముక్కనీ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, విప్పి, నూనె పెట్టి మళ్లీ బిగించాలి. తూటాల బెల్టు లింకులతో సహా. సముద్రం పక్కన ఇల్లున్నవాళ్లకి కిటికీ ఊచల గతి తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు.

నాలుగేళ్ల తర్వాత సంగతి. రూలు ప్రకారం 25 శాతం వరకే రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. నా అభిప్రాయంలో మంచి గన్నర్ తయారవడానికి నాలుగేళ్లు చాలవు. చేయి కుదిరే సమయానికి పంపించేయడం నాకు నచ్చదు, కానీ పద్ధతి అది. బయట ఫిరంగి గన్నర్‌కి ఉద్యోగం లేదు, అది నిజం. ఆ ఫిరంగిని నడిపే హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్ సర్క్యూట్లు, లోపం వెతికే పద్ధతి మాత్రం పనికొస్తాయి. పోర్టులో క్రేన్లు, షిప్‌యార్డు, గంగవరం, ఆటోనగర్ వర్క్‌షాపులు, అన్నిచోట్లా ప్రెషర్ ఎక్కడ పడిపోయిందో కనిపెట్టగలిగే మనిషి కావాలి. కాబట్టి ఏ కోర్సు చేసినా సర్టిఫికెట్ కాపీ దాచుకోమనండి, ఖాళీ దొరికితే ఈఎంఈ వాళ్ల దగ్గర నిలబడి చూడమనండి. ఐటీఐ చేసుంటే ఇంకా మంచిది.

ఇంకొకటి, ఇది మీ ఇంట్లో అందరికీ. సెలవుకొచ్చినప్పుడు బండి ఫొటోలు, రేంజి ఎక్కడుందో, యూనిట్ పేరు, ఇవి స్టేటస్‌లో పెట్టొద్దు. ఫేస్‌బుక్‌లో ముక్కూమొహం తెలియని అమ్మాయి ట్యాంకుల గురించి అడిగితే బ్లాక్ చేసి, యూనిట్‌లో చెప్పాలి. 2019 డిసెంబర్‌లో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో మన ఏపీ పోలీసులు పట్టుకున్న నేవీ కుర్రాళ్ల గూఢచర్యం కేసు మన ఊళ్లో అందరికీ గుర్తుండే ఉంటుంది, వాళ్లు చిక్కింది ఇలాగే. తమ్ముడికి జాయినింగ్ తేదీ వచ్చాక రాయండి. ఆ బ్యాచ్‌లో మన వైపు కుర్రాళ్లు ఇంకెవరైనా ఉంటే కలిసి టికెట్లు తీసుకోవచ్చు.